పసుపు రెక్కలు చూసి పేరు పెట్టకండి

వానలు మొదలయ్యాయంటే చాలు, మీలో ఎవరో ఒకరి వరండాలో రాత్రిపూట గలభా తప్పదు. అరచేయంత పురుగొకటి టపటపా రెక్కలు కొట్టుకుంటూ వచ్చి బల్బు చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టి గోడకు అతుక్కుంటుంది. పిల్లలు పిట్ట అంటారు, పెద్దవాళ్లు గబ్బిలం అంటారు, ఒకరు చీపురు కోసం లోపలికి పరిగెడతారు. ఈలోగా కాస్త ధైర్యం ఉన్నవాళ్లు ఫోన్ తీసి ఫోటో కొడతారు. ఆ ఫోటో నాలుగిళ్లు తిరిగి నాదాకా వస్తుంది. కింద ఎప్పుడూ ఒకటే మాట: "ఈ రంగుది ఎన్నడూ చూళ్లేదు, ఏమిటిది?"

ముందు ఆ చీపురు పక్కన పెట్టించండి. తీరిగ్గా కూర్చోండి. ఒక టీ తాగేంత కబురుంది.

మీ ప్రశ్నలోంచి మొదట ఒక ముక్క తీసేద్దాం. "ఈ రంగుది" అన్నారు చూశారా, అదే మనల్ని దారి తప్పించేది. పెద్ద పట్టు పురుగుల జాతుల్లో రెక్కల రంగు చివర చూడాల్సిన సంగతి. మనమేమో అక్కణ్నుంచే మొదలెడతాం.

కిందటి వానాకాలంలో మంచిర్యాల నుంచి మా మేనకోడలు రెండు ఫోటోలు పంపింది. ఒకటి వాళ్ల పెరటి గోడమీద వాలిన పురుగు: నిండు పసుపు రంగు, నాలుగు రెక్కల మీద నాలుగు గుండ్రటి కళ్లు. రెండోది ఏదో పుస్తకంలోని దసలి పురుగు బొమ్మ, ఇటుక రంగుది. "రెండూ వేరే కదా మామయ్యా, కొత్త జాతి దొరికినట్టే కదా, నా పేరు పెట్టొచ్చా?" అంది. "రెండూ ఒక్కటే బిడ్డా, పుస్తకంలో ఉన్నది మొగుడు, మీ గోడమీద ఉన్నది పెళ్లాం" అన్నాను. కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "పెళ్లాం పేరు మాత్రం ఖాళీగా ఉందా?" అని అడిగింది.

ఖాళీ లేదు మరి. 1773లోనే ఆ పేరు పెట్టేశారు. పెట్టినాయన డ్రూ డ్రూరీ, లండన్‌లో వెండి సామాన్ల పనివాడు. దేశదేశాల నుంచి పురుగులు తెప్పించుకుని దాచుకోవడం ఆయన పిచ్చి. శాస్త్రంలో దీని పేరు ఆంథీరియా మైలిట్టా. మనకు దసలి పట్టు పురుగు. బజారులో టస్సర్ చీర అని కొనేది దీని దారంతో నేసిందే.

ఇక రంగుల సంగతి. దసలిలో మగది ఎక్కువగా ఇటుక ఎరుపు, గోధుమ రంగు కలిసినట్టుంటుంది. ఆడది పసుపు ఉండొచ్చు, బూడిద రంగు ఉండొచ్చు, లేత గోధుమ రంగూ ఉండొచ్చు. మగవాటిలోనూ దారి తప్పి పసుపువీ బూడిదవీ కనిపిస్తాయి. ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లల్లో ఒకరు పసిమి ఛాయ, ఒకరు చామనఛాయ ఉంటే మనం వేరే వంశం అంటామా? ఇదీ అంతే. అక్కడితో ఆగదు. దీని గొంగళిపురుగు మామూలుగా పచ్చగా ఉంటుంది, అయినా పసుపువీ నీలివీ తెల్లటివీ పుడతాయి. అది కట్టే కాయల్లోనూ పసుపు కాయలు, బూడిద కాయలు అని రెండు రకాలు. ఇన్ని వేషాలు వేసే జీవిని రంగు చూసి పట్టుకుంటామంటే కుదిరే పనేనా?

మనమేం, పండితులూ తడబడ్డారు. పందొమ్మిదో శతాబ్దంలో రంగులో కాస్త తేడా, మచ్చలో కాస్త తేడా కనపడగానే ఒక్కో కొత్త పేరు తగిలించారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ పేర్లలో చాలావాటిని మళ్లీ ఒక్కచోట చేర్చాల్సి వచ్చింది. ఇలాంటి రాత్రి పురుగులను ఇంగ్లీషులో మాత్‌లంటారు. మన దేశపు మాత్‌ల మీద పెద్ద పుస్తకం రాసింది జార్జ్ హాంప్సన్. ఆయన నీలగిరుల్లో తేయాకు తోటల పనిమీద వచ్చి, మాత్‌ల వెంట పడ్డాడు. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో మాత్‌ల మీద ఆయన రాసిన మొదటి సంపుటం 1892లో వచ్చింది. మొత్తం నాలుగు సంపుటాలు. తేయాకు తాగినవాళ్లు ఆయన్ని మరిచిపోయారు గానీ, మాత్‌ల వెంట తిరిగేవాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకం తిరగేస్తూనే ఉంటారు.

"సరే, రంగు వదిలేశాం, మరి దేన్ని పట్టుకోమంటారు?" అంటారా? మొదట రెక్కల మీది కళ్లు చూడండి. దసలికి నాలుగు రెక్కల మీదా ఒక్కొక్క గుండ్రటి కన్ను ఉంటుంది. దాని నడిమి భాగంలో పొలుసులు ఉండవు కాబట్టి ఆ చోటు నిజంగా పారదర్శకం. వెనకనుంచి టార్చి వేస్తే వెలుగు ఇవతలకు వస్తుంది. చుట్టూ సన్నటి రంగు వలయాలు. రెక్క పసుపైనా, ఎరుపైనా, బూడిదైనా ఈ నాలుగు అద్దాలు మాత్రం ఎటూ పోవు. ముందు రెక్క పైఅంచు వెంట బూడిద రంగు పట్టీ కూడా చూడండి. ఈ రెండూ కలిస్తే సగం పని అయిపోయింది.

అద్దం గుండ్రంగా కాకుండా త్రికోణంలా ఉందా? అయితే మీరు చూస్తున్నది అట్లాస్ మాత్ అయి ఉండొచ్చు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే అట్లాస్ జాతి వేరు, ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండేది వేరు. రెండూ ప్రపంచంలోని అతి పెద్ద మాత్‌లలో లెక్క. రెక్కలు చాపితే 25 సెంటీమీటర్ల దాకా పోతాయి. ముందు రెక్కల కొసలు వంపు తిరిగి పాము తలను గుర్తుకు తెస్తాయి. అందుకే ఇది కనపడ్డప్పుడల్లా పేపర్లో "పాము తల సీతాకోక" అని ఫోటో పడుతుంది.

రెక్క లేత ఆకుపచ్చ, వెనక పొడవాటి తోకలు? అది చంద్ర మాత్. దాన్ని గుర్తుపట్టడానికి నా సాయం అక్కర్లేదు, ఒక్కసారి చూస్తే చాలు. రెక్కల మీద గుండ్రటి కన్ను బదులు నెలవంక ఆకారపు మచ్చలుంటే ఆముదపాకు తినే ఎరి పట్టు పురుగును అనుమానించండి. జీడిమామిడి, మామిడి తోటల్లో కొమ్మలకు బంగారు వల అల్లినట్టు గూళ్లు గుంపుగా కనిపిస్తే అది క్రికులా. అది దసలికంటే బాగా చిన్నది. ఇక మన ధర్మవరం, పోచంపల్లి మగ్గాల మీదికి వెళ్లే మల్బరీ పట్టు పురుగు మీ బల్బు దగ్గరికి రాదు. వేల ఏళ్లుగా మనిషి చేతికింద బతికి అది ఎగరడమే మరిచిపోయింది. తెల్లటి రెక్కలు కొట్టుకుంటుందే తప్ప గాల్లోకి లేవలేదు.

రెండోది, మీసాలు. ఆడా మగా తేల్చడానికి రంగుకంటే నమ్మకమైన సాక్ష్యం ఇదే. మగదాని మీసాలు వెడల్పుగా, రెండు వైపులా పోగులు పొడుచుకొచ్చి ఉంటాయి. ఆడదానివి సన్నం. ఆడదాని పొట్ట గుడ్లతో లావుగా బరువుగా ఉంటుంది. రెక్కలు కూడా పెద్దవి. 15 సెంటీమీటర్లు దాటడం దానికి మామూలే.

మగదానికి అంత పెద్ద మీసాలెందుకని అడగరే? వాసన పట్టడానికి. ఆడది కదలకుండా ఒక కొమ్మమీద కూర్చుని గాల్లోకి ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు అది అందదు. మగది ఎంతో దూరం నుంచి ఆ జాడ పట్టుకుని వచ్చేస్తుంది. ఫ్రాన్సులో ఫాబ్రే అనే పురుగుల పెద్దాయన ఉండేవాడు. పొద్దున కాయలోంచి బయటికొచ్చిన ఒక పెద్ద నెమలికన్ను మాత్ ఆడదాన్ని వలగూడు కింద పెట్టాడు. ఆ రాత్రి తెరిచిన కిటికీల్లోంచి పదుల కొద్దీ మగవి ఇంట్లోకి దూసుకొచ్చాయి. యూరప్‌లో ఈ నెమలికన్నే అన్నిటికంటే పెద్ద మాత్. గది నిండా అవి ఎగురుతుంటే ఫాబ్రే కొడుకు ఉత్సాహంతో గంతులేశాడట. అలాంటి వాసన ఏమిటో 1959లో బుటెనాన్ట్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త మల్బరీ పట్టు పురుగులో తేల్చాడు. ఆ చిటికెడు పదార్థం కోసం సుమారు 5 లక్షల ఆడ పురుగులు కావలసి వచ్చాయి. పురుగుల్లో ఇలాంటి ప్రేమ సందేశం రసాయనికంగా తేలడం అదే మొదలు.

కాబట్టి మీ బల్బు దగ్గర మీసాల మగవాడు కనిపిస్తే, పాపం, వచ్చిన పని వేరు. మీ దీపం మధ్యలో అడ్డుపడింది.

మూడోది, చుట్టూ ఉన్న చెట్లు. దసలి గొంగళికి నల్లమద్ది, తెల్లమద్ది ఆకులు పండగ భోజనం. రేగాకూ తింటుంది, ఊళ్లలో వీధికొకటి ఉండే బాదం చెట్టు ఆకూ తింటుంది. "మా ఊళ్లో అడవి లేదే, ఇదెక్కణ్నుంచి వచ్చింది?" అని ఆశ్చర్యపోయేవాళ్లు ముందు తలెత్తి ఆ బాదం చెట్టువంక చూడాలి. కొమ్మకు సన్నటి కాడతో వేలాడే గట్టి కాయ కనపడితే కేసు తేలిపోయినట్టే. దసలి కాయ తన కాడను కొమ్మ చుట్టూ ఉంగరంలా బిగించుకుంటుంది. ఎంత గాలికైనా రాలదు.

నాలుగోది, కాలం. ఎండాకాలమంతా ఈ జీవి కాయలో నిద్రపోతుంది. తొలకరి తర్వాత మేల్కొంటుంది. కాయ గోడ రాయిలా గట్టిగా ఉంటుంది కదా, బయటికెలా వస్తుంది? నోటినుంచి ఒక ద్రవం వదిలి కాయ కొసను మెత్తబరచుకుంటుంది. ఆ తడిచోటు నుంచి ముడతలు పడ్డ రెక్కలతో బయటికొచ్చి, ఏదైనా పట్టుకుని వేలాడుతుంది. రెక్కల్లోకి ద్రవం ఎక్కి అవి విచ్చుకునేదాకా కదలదు. ఆ సమయంలో చూసినవాళ్లు "రెక్కలు కాలిపోయిన వింత పురుగు" అని ఫోటో పంపుతారు. కాస్సేపు ఆగితే చక్కని చీర కట్టుకున్నట్టు తయారవుతుంది.

ఈ సంగతులన్నీ పుస్తకం తెరవకుండా చెప్పగలవాళ్లు మన తెలంగాణలోనే ఉన్నారు. మంచిర్యాల జిల్లా చెన్నూరు, భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు మద్ది చెట్ల మీద దసలి పెంచే రైతులు. శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు రకాన్ని "ఆంధ్ర లోకల్" అని ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు. మల్బరీ పురుగులా ఇది ఇంట్లో తట్టల్లో పెరగదు. చెట్టుమీద వదిలేయాలి, పిట్టల నుంచీ చీమల నుంచీ కందిరీగల నుంచీ పగలంతా కాపలా కాయాలి. విత్తనం కోసం దాచిన కాయలను దండలుగా గుచ్చి వేలాడదీస్తారు. చీకటి పడే వేళకు ఆ దండలనుంచి ఒక్కొక్కటే బయటికొస్తాయి: పసుపువి, బూడిదవి, ఇటుక రంగువి. అవి అన్నీ ఒకే ఇంటివని అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. జతకట్టి గుడ్లు పెట్టాక తల్లి పురుగును నలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పెబ్రిన్ రోగం ఉంటే ఆ గుడ్లు పారేయాల్సిందే. ఈ పద్ధతి 1860లలో ఫ్రాన్సు పట్టు రైతులను కాపాడటానికి లూయీ పాశ్చర్ చూపించింది. ఆయన పేరు వినని పల్లెలోనూ ఆయన పద్ధతి నడుస్తోంది.

ఇక అమెరికాలో ఉన్న పిల్లల వంతు. న్యూజెర్సీ నుంచి, టెక్సస్ నుంచి "మన దసలి పురుగు ఇక్కడికొచ్చింది" అంటూ ఫోటోలు వస్తుంటాయి. అది దసలి కాదు, దాని పెదనాన్న బిడ్డ. పేరు పాలిఫీమస్, ఆంథీరియా కుటుంబమే. గ్రీకు కథల్లో ఒంటికన్ను రాక్షసుడి పేరు దానికి పెట్టారు, వెనక రెక్కల మీది పెద్ద కన్ను చూసి. అది కూడా లేత గోధుమ, పసుపు, ఎర్ర గోధుమ అంటూ రంగులు మారుస్తుంది. దాని గొంగళి ఓక్, మేపుల్, బర్చ్ ఆకులు తింటుంది. అక్కడ మద్ది చెట్టు లేదు, చింత లేదు.

దీని వెనక ఒక కథ ఉంది, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1860లలో బోస్టన్ దగ్గర మెడ్‌ఫోర్డ్ అనే ఊళ్లో త్రూవెలో అనే ఫ్రెంచి పెద్దమనిషి పాలిఫీమస్‌తో పట్టు పరిశ్రమ పెడదామని, ఓక్ చెట్లమీద వలలు పరిచి గొంగళ్లను పెంచాడు. అంతటితో ఊరుకోక యూరప్ నుంచి మరో జాతి గుడ్లు తెప్పించాడు. అది స్పాంజీ మాత్. కొన్ని తప్పించుకుని బయటపడ్డాయి. ఈనాటికీ అమెరికా అడవుల ఆకులు తినేస్తున్నది ఆ సంతానమే. ఆయన తర్వాత పురుగులు వదిలి, దూరదర్శినిలో కనిపించే గ్రహాల బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్నాడు. నక్షత్రాలు తప్పించుకుని పోవని కాబోలు.

ఆ న్యూజెర్సీలోనే ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో 2012లో జాతీయ మాత్ వారం మొదలైంది. ఏటా జూలై చివర్లో జనం తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టి, వచ్చిన మాత్‌లను లెక్కపెడతారు. ఇప్పుడు అది దేశదేశాలకూ పాకింది, మన దేశంలోనూ చేస్తున్నారు. ఎడిసన్‌లో ఉన్న మన పిల్లలకు ఆ ఊరు పక్కనే. ఈసారి వాళ్లకు ఈ పని పెట్టండి.

"అయితే నిజంగా వింత రంగు ఉండనే ఉండదా?" ఉంటుంది. ముందు మాయలను వేరు చేయాలి. పసుపు వీధి దీపం కింద తీసిన ఫోటోలో అన్నీ పసుపే. రోజులు గడిచినకొద్దీ రెక్కల పొలుసులు రాలి రంగు వెలిసిపోతుంది. ఫోన్ ఫ్లాష్ ఇటుక రంగును నారింజ చేసేస్తుంది. ఇవన్నీ తీసేశాక కూడా ఒక పక్క రెక్కలు చిన్నవి, ఎర్రవి, వెడల్పు మీసం, ఇంకో పక్క రెక్కలు పెద్దవి, పసుపువి, సన్న మీసం కనపడితే లేచి నిలబడండి. సగం మగ, సగం ఆడ అయిన అరుదైన పురుగు మీ గోడమీద వాలింది. పుట్టుకలో కణాలు విడిపోయేటప్పుడు జరిగిన పొరపాటు వల్ల అలా పుడుతుంది. అప్పుడు మాత్రం దగ్గర్లోని కాలేజీ జంతుశాస్త్రం వాళ్లకో, పట్టు పరిశ్రమ శాఖ వాళ్లకో తెల్లవారేలోగా ఫోన్ చేయండి.

మిగతా రోజుల్లో మీరు చేయాల్సింది సులువు. పైనుంచి రెక్కలు పరిచినట్టు ఒక ఫోటో, మీసాలకు దగ్గరగా ఒకటి, వీలైతే అడుగు భాగం ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి. ఊరు, తేదీ, చుట్టూ ఉన్న చెట్లు రాసుకోండి. యాప్ ఏదైనా పేరు చెబితే, ఆ జాతి మీ జిల్లాలో ఉంటుందా అని ఒక్కసారి చూసుకోండి. అస్సాం మూగా పురుగు ఆదిలాబాద్‌లో తేలిందంటే నమ్మకండి.

ఇంకొక్క మాట. పంచదార నీళ్లు పెట్టకండి. దసలి మాత్‌కు తినే నోరే ఉండదు. గొంగళిగా తిన్నదాని మీదే దాని బతుకంతా, అదీ కొద్ది రోజులే. దాన్ని సీసాలో పెట్టి ఒక రాత్రి ఉంచితే దాని జీవితంలో పెద్ద ముక్క మీరు కోసేసినట్టే. ఆడదైతే ఆ రాత్రే పొట్టలోని నూట యాభై, రెండొందల గుడ్లకు చోటు వెతుక్కోవాలి. ఫోటో తీసుకున్నారు కదా, ఇక ఆ వరండా లైటు ఆర్పేసి లోపలికి వెళ్లండి.